రేడియేటర్‌లో సముద్రం

ఆదివారం పొద్దున్న ఆరున్నరకి గోపాలపట్నంలో బయల్దేరుతుంటే మా ఆవిడ గేటు దగ్గర నిలబడి హెచ్చరించింది. "మొన్నా ట్రాలీ ఆటోలోనే వచ్చినాది, అంతకుముందూ ఆటోలోనే వచ్చినాది. ఈపాలి మీ డర్ట్ బైకు ఆటోలో ఊరేగుతా వచ్చిందంటే, అదే ఆటోలో పాతసామాన్ల కొట్టుకి పంపించీగలను." ఆవిడ అన్నంత పనీ చేస్తుంది. మా పాత సోఫా ఎక్కడుందో నాకు ఇప్పటికీ తెలియదు.

భీమిలి దాకా తారు రోడ్డే, ఇబ్బంది లేదు. అక్కడ నా స్నేహితుడు అప్పల్రాజు ఉన్నాడు, చేపల వేట వాళ్ళ వృత్తి. అతన్ని ఒడ్డున నిలబెట్టి ఇసకలో బండి తిప్పాను. ఇసకలో చక్రం మెల్లగా కదులుతుంది, ఇంజన్ మాత్రం గొంతు చించుకుంటుంది, రేడియేటర్‌కి గాలి తగలదు. కాసేపటికే బుస్సుమని ఆవిరి చిమ్మింది. వేడి మీద మూత తీస్తే మొహం ఉడుకుతుంది కాబట్టి, చల్లారనిచ్చి ఇడ్లీలకి వెళ్ళాను. ఈ దారిన వచ్చేవాళ్ళకి నా సలహా: ఇడ్లీలు బాగుంటాయి, బండిని మాత్రం ఎవరికీ అప్పగించకండి.

తిరిగొచ్చేసరికి అప్పల్రాజు ఖాళీ బకెట్టుతో నవ్వుతూ నిలబడ్డాడు. "సల్లబడిపోనాది బావా. మూత తీసి నిండా నీళ్ళు పోసీసినాను."

"ఎక్కడి నీళ్ళు?"

సముద్రం వైపు చెయ్యి చూపించాడు. "మా బోటు ఇంజన్ ఇయ్యే తాగుతాది గదా!"

నా నోటికి వచ్చిన మాటలు అచ్చుకు పనికిరావు. బోటు ఇంజన్ ఉప్పునీళ్ళు పీల్చి అటునుంచటే కక్కేస్తుంది. నా బండిలో అవే నీళ్ళు లోపల తిరుగుతూ అల్యూమినియాన్ని కొరుక్కు తింటాయి.

"తిట్టు బావా, తిట్టు. తిట్టినాక కడిగీద్దాం," అన్నాడు. "యాట నుంచొచ్చి రోజూ మా ఇంజన్ మంచినీళ్ళతో కడగమేటి?"

రేడియేటర్‌లో పోసే కూలెంటు, డిస్టిల్డ్ వాటరు కోసం తగరపువలస బస్సెక్కాను. తిరుగు బస్సులో సీటు దొరికింది. ఒళ్ళో ఉన్న పచ్చ సీసాని చూసి, చేపల తట్టతో నిలబడ్డ పెద్దావిడ అడిగింది. "ఏటి బాబూ అది, సర్బత్తా?"

"బండికి పోసేది పెద్దమ్మా."

"బండికి సర్బత్తు, నాకు సీటు నేదు. లెగు బాబూ."

లేచాను.

పదకొండు నుంచి కడగడమే పని. ఇంజన్‌కున్న వాటర్ పంపు కింద బోల్టు విప్పితే మురికి ఉప్పునీళ్ళు దిగాయి. బోల్టు బిగించి మంచినీళ్ళు నింపడం, ఇంజన్ వేడెక్కేదాకా నడపడం, చల్లారాక మళ్ళీ దింపడం. అప్పల్రాజు ఆ నీళ్ళు వేలితో నాలిక్కి రాసుకుని "ఇంకా ఉప్పే," అన్నాడు.

"ఒరే, అందులో పాత కూలెంటుంది, విషం!"

"మా అత్త పులుసు కన్నానా?" అంటూనే గబగబా ఉమ్మి నోరు కడుక్కున్నాడు.

నీళ్ళు తేటగా దిగాక ఆఖరిసారి డిస్టిల్డ్ వాటరుతో కడిగి, కూలెంటు నింపి, గొట్టాలు పిసికి గాలి బుడగలు పోగొట్టాం.

నాలుగింటికి ఆనందపురం, పెందుర్తి మీదుగా ఇంటిదారి పట్టాను. కళ్ళన్నీ వేడి చూపించే ఎర్రదీపం మీదే. అది వెలగనే లేదు. ఈల వేస్తుండగా, వేపగుంట దగ్గర బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆవిరి లేదు. ట్యాంకు ఊపి చూస్తే చప్పుడూ లేదు. కడగడానికని ఇంజన్ నడిపి నడిపి పెట్రోలంతా కాల్చేశాం! అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే. జేబు ఖాళీ, ఫోను చచ్చింది.

ఒక ట్రాలీ ఆటో ఆగింది, డ్రైవరు తల బయటపెట్టాడు. "ఎక్కించీ బావా. గోపాలపట్నమే ఎల్తన్నాను, డబ్బులొద్దు."

నిజంగా ఏడుపొచ్చింది. "వద్దు బావా. ఎక్కిస్తే మా ఆవిడ దీన్ని అమ్మేస్తుంది."

అతను జాలిగా చూసి వెళ్ళిపోయాడు. వేపగుంట నుంచి గోపాలపట్నం దాకా రోడ్డు చదునేనని బండి మీద పోయేవాళ్ళు అనుకుంటారు. తోసేవాణ్ణి అడగండి.

మా ఆవిడ గేటు తీసి వీధి చివరిదాకా చూసింది. ఆటో లేదు. "మాట మాటే. ఉంచుకోండి," అని రేడియేటర్ మీద చెయ్యేసింది. తర్వాత నా నుదుటి మీద వేసింది.

"బండి సల్లగానే ఉంది. మీరే మరిగిపోతన్నారు," అని చెంబెడు నీళ్ళు నా నెత్తిన కుమ్మరించింది.