మాబున్నత్తను కడసారి చూడలేకపోయాను

నిన్న పొద్దున టీ గ్లాసు చేతిలో ఉండగా షాహీన్ ఫోన్ చేసింది.

"అక్కా, అమ్మ పోయింది" అంది.

"ఎక్కడికి?" అని అడిగాను. నిజంగానే అడిగాను. బుర్ర పనిచేయలేదు.

తెల్లవారుజామున నమాజు చేసుకుని కాసేపు పడుకుందట. మళ్ళీ లేవలేదట. హార్ట్ ఎటాక్ అన్నారట.

మాబున్నత్త షాహీన్ వాళ్ళమ్మ. మార్కాపురంలో మా పుట్టింటి పక్కిల్లు వాళ్ళది. రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. చుట్టరికం లేదు, మతం ఒకటి కాదు. అయినా నాకు మాటలు వచ్చినప్పటి నుంచి ఆమె నాకు అత్తే.

పలకల ఫ్యాక్టరీలో పనిచేసేది. పలకలకు చెక్క ఫ్రేములు బిగించేది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి మోచేతుల దాకా బూడిదరంగు దుమ్ము. షాహీన్‌ని తిట్టడం ఉర్దూలో. లెక్కపెట్టడం మాత్రం తెలుగులో, ఎందుకంటే ఫ్యాక్టరీలో మేస్త్రి తెలుగులోనే లెక్కపెట్టేవాడు. నన్ను ముద్దు చేస్తే రెండూ కలిసిపోయేవి.

రంజాన్ నెలలో గోడ మీదుగా గంజి గిన్నె వచ్చేది. మా అవ్వ చూడకుండా నేను తాగేసేదాన్ని. మా నాయన వాళ్ళమ్మ ఆవిడ. మడి మనిషి.

ఇది ఇక్కడ రాయొచ్చో లేదో తెలియదు. రాస్తున్నా.

నేను పెద్దమనిషినైనప్పుడు మూల గదిలో చాప మీద కూర్చోబెట్టారు. కిటికీ కూడా మూసేశారు. వీధిలో ఆడవాళ్ళంతా నువ్వులు, బెల్లం దంచి చిమ్మిలి ఉండలు చేసి తెచ్చారు. మాబున్నత్త ఇంట్లో చేసింది మాత్రం అవ్వ మా గడప దాటనివ్వదు. అందరికీ తెలుసు. అత్తకు ఇంకా బాగా తెలుసు.

అత్త సంచిలో నువ్వులు, బెల్లం అచ్చు తెచ్చుకుని వచ్చి మా పెరట్లో రోలు ముందు కూర్చుంది.

"పెద్దమ్మా, రోలు మీదే, రోకలి మీదే. చేతులొక్కటే నావి. ఇంకేంది?"

"కడుక్కున్నావా?" అంది అవ్వ.

"మీ బిందెలో నీళ్ళతోనే."

దంచుతుంటే వాసన ఇల్లంతా నిండింది. అవ్వ అటూ ఇటూ చూసి ఒక ఉండ నోట్లో వేసుకోవడం తలుపు సందులోంచి నేను చూశాను. ఒకటి కాదు, ఇంకోటి కూడా.

అత్త పద్ధతి అది. ఆచారం జోలికి పోయేది కాదు, ఎవరితోనూ పోట్లాడేది కాదు. ఎక్కడో ఒక సందు చూసుకుని దూరి వచ్చేసేది.

నిన్న నాకు ఏ సందూ దొరకలేదు.

నాకు నెలలు నిండుతున్నాయి. కడుపుతో ఉన్నవాళ్ళు చావింటికి పోకూడదు, శవాన్ని చూడకూడదు. చిన్నప్పటి నుంచి వింటున్న మాటే. ఎవరికో నేనే చెప్పాను కూడా.

గిద్దలూరు నుంచి మార్కాపురం ఎంత దూరం? మా ఆయన బండి తాళాలు తీసుకున్నాడు. వాళ్ళమ్మ ముఖం చూసి మళ్ళీ మేకుకి తగిలించాడు.

మా అత్తగారి మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను. ఆమె నా పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది.

"మా అమ్మ పోయినప్పుడు నేనూ కడుపుతోనే ఉంటి. ఎవురు చెప్పినా వినకుండా పోయినా. ఆ బిడ్డ నిలవలేదు. నిన్ను నేనెట్ల పంపేదమ్మా?"

దానికి సైన్సు చెప్పాలా?

మా అమ్మకు ఫోన్ చేస్తే ఆమె అప్పటికే షాహీన్ వాళ్ళింట్లో ఉంది. "నువ్వు మాత్రం రావద్దు" అని అక్కడి నుంచే ఏడ్చింది.

పోనీ వీడియో కాల్ చేయనా అన్నాను. ఫోన్‌లో చూడటం చూడటం కిందికి వస్తుందా రాదా అని మా ఇంట్లో పెద్ద చర్చ. చివరికి మా అత్తగారు "సరే, ముఖం వరకే చూడు" అని ఒప్పుకుంది. ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది.

షాహీన్‌కు చేశాను. అది గొంతు తగ్గించి చెప్పింది. "వద్దంటున్నారక్కా. మయ్యత్‌ను ఫోన్‌లో చూపించకూడదని మా ఇంటి పెద్దాయన గట్టిగా చెప్పినాడు. నేనేం చేసేది?"

పాపం, అదేం చేస్తుంది.

మధ్యాహ్నం నమాజు కాగానే తీసుకుపోతారు. వాళ్ళు ఎక్కువసేపు ఉంచరు. మావాళ్ళు నన్ను గడప దాటనివ్వరు. ఈ రెండింటి మధ్య నేను మంచం మీద కూర్చుని గోడ గడియారం చూస్తున్నాను. ఎవరూ తలుపు గొళ్ళెం పెట్టలేదు. అయినా కదల్లేను. అంతమంది నన్ను ప్రేమగా పట్టుకుని ఉన్నారు.

కాసేపటికి షాహీనే మళ్ళీ చేసింది. మామూలు కాల్. "అమ్మ చెవి దగ్గర పెడతా. మాట్లాడక్కా, తొందరగా."

అటువైపు ఎవరో ఖురాన్ చదువుతున్నారు. ఎవరో ఏడుస్తున్నారు. నేను నోరు తెరిచాను.

ఏ మాటా రాలేదు. ఏడుపొచ్చింది.

"ఏడవగూడదమ్మా, లోపల బిడ్డ బెదురుతాది" అని మా అత్తగారు నా వీపు నిమిరింది. నేను పెదవి కొరుక్కుని ఆపుకున్నాను. ఫోన్‌లో ఉట్టి ఊపిరే వినిపించి ఉంటుంది మాబున్నత్తకు.

"ఎత్తుతున్నారక్కా" అంది షాహీన్. కాల్ కట్ అయింది.

పోయిన వారం కూడా అత్త "నువ్వు కదలద్దు, బిడ్డ పుట్టినాక నేనే గిద్దలూరు వస్తా" అంది. నేను సరేనన్నాను.

అత్తా, నన్ను రానివ్వలేదు. చూడనివ్వలేదు. గట్టిగా ఏడవనివ్వలేదు. ఫేస్‌బుక్‌లో రాయకూడదని మాత్రం ఏ పెద్దవాళ్ళూ చెప్పలేదు. అందుకే ఇక్కడికొచ్చాను. నా ఏడుపు ఇదే అనుకో.

నీకు అక్కడ ఇరుకు లేకుండా ఉండాలి. గాలి, వెలుతురు బాగా ఉండాలి. నెమ్మదిగా పడుకో అత్తా.