కందిపప్పు డబ్బాలో ఫోను కార్డు

మొన్న ఆదివారం వాన ఆగకుండా కురుస్తుంటే, వంటింట్లో చారుకు పోపు పెడుతున్న నాకు హాల్లోంచి వయొలిన్ వినిపించి చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. మా అమ్మాయి టీవీలో ఏదో వెతుకుతూ వెతుకుతూ ఒక పాత నలుపు తెలుపు హాలీవుడ్ సినిమా పెట్టుకుని, సోఫాలో కాళ్లు ముడుచుకుని చూస్తోంది. తెర మీద వదులు కోటు వేసుకున్న కుర్రవాడు మేడమెట్ల మీద కూర్చుని వాయిస్తున్నాడు. ఆ సినిమా నేను ఆరేడు సార్లు చూశాను, చివరిసారి చూసి పదేళ్లు దాటింది. పోపు మాడిపోయింది.

రెండువేల పదమూడు, పద్నాలుగు ప్రాంతంలో మేము దేశం దాటి వెళ్లి హామిల్టన్‌లో ఉండేవాళ్లం. మావారికి ఆస్పత్రిలో కంప్యూటర్ల పని, నాకు పాలు పితికే యంత్రాల విడిభాగాలు అమ్మే కంపెనీలో ఫోను మీద ఆర్డర్లు తీసుకునే పని. మా అమ్మాయి ఇంకా పుట్టలేదు. అద్దె ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంటే యూనివర్సిటీలో చదువుకుంటున్న తెనాలి అమ్మాయికి ఇచ్చాం. వచ్చింది కంప్యూటర్ కోర్సుకే అయినా ప్రాణమంతా వయొలిన్‌లోనే. చిన్నప్పుడే తల్లి పోతే పన్నెండేళ్లు పెద్దదైన అక్క పెంచి, పక్కన కూర్చోబెట్టుకుని వాయించడం నేర్పి, బయల్దేరేటప్పుడు తన వయొలినే చేతికిచ్చి పంపిందట. ప్రతి ఆదివారం వీధి చివరి డైరీకి (అక్కడ చిల్లరకొట్టును అలాగే అంటారు) వెళ్లి, పాలూ బ్రెడ్డుతో పాటు ఒక ఫోను కార్డు కొనుక్కొచ్చి, ఆ కార్డు ఇంచుమించు అయిపోయేదాకా తెనాలికి ఫోన్ చేసి అక్కతో మాట్లాడేది. నన్నూ అక్కా అనే పిలిచేది. నాకు చెల్లెళ్లు లేరు, ఆ పిలుపు వినడం కోసమే ఒక్కోసారి పలక్కుండా ఊరుకునేదాన్ని.

ఆ సినిమా డిస్కు కూడా తనే తెచ్చింది, పాత సామాన్లు అమ్మే కొట్లో, అట్ట మీద వయొలిన్ బొమ్మ చూసి. కథ చాలా చిన్నది. ఒక కుర్ర వయొలిన్ కళాకారుడు, వాడికి పెద్ద కచేరీ దగ్గరపడింది. వాడు ప్రేమించిన పిల్ల ఊరు విడిచి వెళ్లిపోతున్నానని ఉత్తరం రాస్తుంది. అది చదివితే వీడు చెడిపోతాడని ఇంటి యజమానురాలు ఆ ఉత్తరాన్ని గోడ గడియారం వెనక దాచేస్తుంది, మేడమీద అద్దెకున్న వాళ్లంతా తలో అబద్ధం ఆడతారు. కచేరీ అయ్యాక ఆ పిల్లను ఆపడానికి యజమానురాలే వంటింటి ఏప్రన్‌తో, టోపీ ఒక పక్కకి జారిపోతుండగా రైలు స్టేషన్‌కు పరుగెత్తుతుంది. మేమిద్దరం పడీ పడీ నవ్వేవాళ్లం.

ఆ ఏడు చలికాలం మొదట్లో యూనివర్సిటీ సంగీతం మాస్టారు ఒకాయన ఈ పిల్ల వాయించడం విని, శుక్రవారం పొద్దున వచ్చి నలుగురి ముందు వాయించి చూపించమన్నారు. వాళ్లకు నచ్చితే స్కాలర్‌షిప్పు, ఆపైన సంగీతమే చదువు. సరిగ్గా ఆ మంగళవారం తెనాలి నుంచి వాళ్ల బావగారు నా ఆఫీసుకు ఫోన్ చేశారు. అక్కకు డెంగీ జ్వరమనీ, ఐసీయూలో పెట్టారనీ, స్పృహలోనే ఉందనీ, రెండు రోజుల్లో గండం గడుస్తుందంటున్నారనీ చెప్పి, చివర్న గొంతు తగ్గించారు.

"అక్కగారూ, శుక్రవారం దాకా దానికి చెప్పకండి. తెలిస్తే వయొలిన్ పట్టుకోలేదు. మీ చేతుల్లో పెడుతున్నానండీ."

సరేనన్నాను. ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. మన తరం వాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మనిషి పోయినా టెలిగ్రాములో సీరియస్ అనే రాయించేవారు, వచ్చేవాళ్లు దారిలో ఇంత అన్నం తినగలగాలని. మా అమ్మమ్మ పోయిన సంగతి నాకు ఇంటర్ పరీక్షలన్నీ అయ్యాకే చెప్పారు, పదకొండో రోజు కూడా దాటిపోయింది. ఏడ్చాను గానీ ఎవరినీ తప్పుపట్టలేదు. అదే ప్రేమ అనుకుంటూ పెరిగాం.

ఆ సాయంత్రం ఈ నెల ఇంటర్నెట్ డేటా అయిపోయిందని చెప్పి మావారు మోడెం వైరు పీకేశారు. అప్పట్లో నెలాఖరుకు అలా అయిపోవడం మామూలే కాబట్టి నమ్మింది. బుధవారం మాత్రం, వాయించే ముందు అక్క ఆశీర్వాదం తీసుకుంటానని ఆదివారం కార్డులో మిగిలిన నిమిషాల కోసం డ్రాయర్లన్నీ వెతికింది. ఆ కార్డును నేను అప్పటికే కందిపప్పు డబ్బాలో అడుగున పెట్టేశాను. మాట్లాడితే బెంగ పెట్టుకుంటావు, వాయించి వచ్చి గొప్పగా చెప్పుకో అన్నాను. తను తలూపి వంటింట్లోకి వచ్చి, నాకు సాయంగా కుక్కర్లోకి పప్పు తీయబోయింది. డబ్బా లాక్కుని, ఇవాళ పెసరపప్పు అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

గురువారమంతా పొగమంచు వీడలేదు. నది వైపు ఇళ్లు మధ్యాహ్నం దాకా కనబడలేదు. బావగారి నుంచి కబురు లేదు. కబురు లేకపోవడం మంచిదేనని మావారన్నారు గానీ ఆయనా అన్నం కెలికి వదిలేశారు. సాయంత్రం తను మళ్లీ ఫోను మాట ఎత్తకుండా నేనే సినిమా పెట్టాను. యజమానురాలు ఉత్తరాన్ని గడియారం వెనక్కి తోసేసరికి ఆ పిల్ల ఎప్పటిలాగే చప్పట్లు కొట్టి నవ్వింది.

"ఉత్తరం ఇచ్చేస్తే ఇక సినిమా ఏముంది అక్కా!"

చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. రేపొక్కరోజే కదా అనుకుని మింగేశాను.

శుక్రవారం పొద్దున్నే మావారు డ్యూటీకి వెళ్లిపోయారు. ఆ పిల్ల తల దువ్వుకుంటుండగా నా ఫోను మోగింది. బావగారు. గరాజ్‌లోకి వెళ్లి ఎత్తాను, తెనాలిలో అప్పటికి అర్ధరాత్రి దాటింది. ఆయన ఏమీ చెప్పలేకపోయారు, ఏడుపు మాత్రం వినిపించింది. ఫోను పెట్టేసి బట్టలు ఉతికే మెషీన్ పక్కనే నిలబడిపోయాను. లోపలినుంచి ఆ పిల్ల పిలిచింది.

"అక్కా, టైమైపోతోంది. ఎదురు రావా?"

ఏ మంచి పనికి వెళ్తున్నా నేను ముందు బయటికెళ్లి గుమ్మంలోకి ఎదురు రావాలి, అది మా ఇంట్లో తను పెట్టిన అలవాటు. నేనొస్తే కలిసొస్తుందని నమ్మకం. చావు కబురు గొంతులో పెట్టుకుని, ముఖం కడుక్కుని, బొట్టు సరిచేసుకుని, ఇంకా వీడని ఆ పొగమంచులోంచి నవ్వుతూ ఎదురొచ్చాను. తను వయొలిన్ పెట్టెతో నా కాళ్లకు దణ్ణం పెట్టింది. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. ఇన్నేళ్లలో ఆ గుమ్మం దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లి వచ్చానో లెక్కలేదు.

యూనివర్సిటీ బయట కార్లో కూర్చుని ఎదురుచూశాను. తను మెరిసే ముఖంతో వచ్చింది, వాళ్లు లేచి నిలబడ్డారట. మొదట అక్కకే చెప్పాలి, ఇప్పుడైనా కార్డు కొనుక్కోనిస్తావా అంది. బయల్దేరేటప్పుడు పప్పు డబ్బాలోంచి తీసిన కార్డు నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. బయటికి తీసి చెప్పాను. తను ఏడవలేదు. కార్డుకు అంటుకున్న పప్పు పొట్టును చాలాసేపు చూసింది.

"నీకెప్పటినుంచి తెలుసు?"

జ్వరం సంగతి మంగళవారం అన్నాను.

"పొద్దున ఎదురొచ్చినప్పుడు?"

తలూపాను. తలుపు తీసుకుని, పెట్టె గుండెలకు పట్టుకుని దిగిపోయింది. పది అడుగులు వేసేసరికి మంచులో కనబడలేదు. వెంట పరుగెత్తే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ తర్వాత చాలా రోజులకు బావగారు చెప్పారు, ఆవిడ రెండు రోజులూ చెల్లి ఫోన్ చేసిందా అని అడుగుతూనే ఉందట. సాధనలో ఉంది, అయ్యాక చేస్తుందిలే అని ఈయన చెబుతూ వచ్చారట. ఆ గొంతు ఒక్కసారి విని ఉంటే ఆవిడ బతికేదని కాదు. వినకుండా పోయింది, అంతే. స్కాలర్‌షిప్పు ఉత్తరం వచ్చిన రోజే దాన్ని తన బల్ల మీద పెట్టాను. తను ఆ స్కాలర్‌షిప్పు తీసుకోలేదు, ఊరే మారిపోయింది. ఇప్పుడు హామిల్టన్‌కు చాలా దూరంగా రిక్కార్టన్‌లో ఉంటోంది, మంచి ఉద్యోగం. ఉగాదికి మెసేజ్ పెడుతుంది. అందులో నన్ను ఆంటీ అంటుంది. వయొలిన్ ముట్టుకుంటోందో లేదో అడిగే ముఖం నాకు లేదు.

మాడిన పోపు పారబోసి వచ్చేసరికి మా అమ్మాయి నొసలు చిట్లించి తెరవైపు చూస్తోంది.

"అమ్మా, ఆ లేడీ లెటర్ ఇచ్చేయొచ్చు కదా? ఇట్స్ హిస్ లెటర్."

ఈ కాలం పిల్లలకు దాచడం నవ్వు తెప్పించదు. ఇప్పుడు ఊళ్లో ఎవరికి జ్వరం వచ్చినా నిమిషంలో ఫ్యామిలీ గ్రూపులో ఫొటోతో సహా పడుతుంది. ఎవరికి ఎప్పుడు చెప్పాలో ఇంట్లో నలుగురు కూర్చుని గుసగుసలాడుకునే రోజులు పోయాయి. అంత మొహాన కొట్టినట్టు చెప్పడమేమిటని విసుక్కునేదాన్ని. ఆ గుసగుసల్లో ఉన్న ఆప్యాయత గుర్తొచ్చి బాధేసేది కూడా. వెళ్లి మా అమ్మాయి పక్కన కూర్చున్నాను.

తెర మీద యజమానురాలు ఏప్రన్‌తో స్టేషన్‌కు పరుగెడుతోంది, టోపీ జారిపోతోంది. మా అమ్మాయి ఇప్పుడు నవ్వింది. ఎన్నిసార్లు చూసినా ఆవిడ రైలు కదలకముందే చేరుకుంటుంది.