మంచు కురిసే నెలల్లో జాగ్రత్త

ఈ ఉదయం మాదాపూర్‌లోని మా ఆఫీసులో, వానకు తడిసి వచ్చిన కొత్తమ్మాయి ఫ్లాస్కు మూత తీయగానే సొంఠి కాఫీ వాసన గదంతా పరుచుకుంది. “మేడం, రాశి గుణాల పేజీ పంపాను, చూస్తారా?” అని అడిగింది. ఆ వాసనా ఆ మాటా కలిసి రావడంతో, రోజూ సొంఠి కాఫీ తాగే సుభద్ర గారు పక్క కుర్చీలోకి వచ్చి కూర్చున్నట్టే అనిపించింది.

సుభద్ర గారు నా మొదటి పై అధికారి. ఫోన్లలో చదువుకునే తెలుగు వ్యాసాలు తయారుచేసే చిన్న కంపెనీ మాది. చిన్నప్పుడు ఆయాసం వల్ల నేను బడికి వెళ్ళలేదు. మా అమ్మే వంటింట్లో కూర్చోబెట్టి చదువు చెప్పింది. పరీక్షలు ప్రైవేటుగా రాశాను. ఉద్యోగానికి వెళ్ళిన ప్రతిచోటా ఏ బడి, ఏ కాలేజీ అనే అడిగేవారు. సుభద్ర గారు మాత్రం ఒక పేజీ ఇచ్చి, “ఇందులో మీకు నమ్మబుద్ధి కానిది ఏముందో చెప్పండి” అన్నారు. ఆ తల్లి చలవ వల్లే ఈ రోజు అన్నం తింటున్నాను.

చేరిన కొత్తలో ఒక పుస్తకం నా చేతిలోంచి జారి కాలికి తగిలింది. అలవాటుగా కళ్ళకద్దుకున్నాను. నవ్వుతారేమోనని సిగ్గుపడ్డాను. ఆవిడ నవ్వలేదు. “కళ్ళకద్దుకోండి, మంచిదే. ఆ తరువాత అడగవలసింది అడగండి. ఎవరు రాశారు, వారికి ఎలా తెలిసింది?” అన్నారు. అచ్చయిన మాటను ప్రశ్నించడం అపచారమని అప్పటిదాకా అనుకునేదాన్ని. “నేను గుడిలో పేరూ నక్షత్రమూ చెప్పి అర్చన చేయించుకునేదాన్నండీ, ఇలాంటివి ప్రశ్నించవచ్చా?” అంటే, “మనం అడిగేది దేవుణ్ణి కాదమ్మా, పుస్తకాన్ని” అన్నారు. ఆ మాటతో నా మనసు కుదుటపడింది.

అలాంటి మనిషి దగ్గరకు, పుట్టిన తేదీని బట్టి సూర్యుడున్న రాశిని చూసి ఎవరికి ఎవరు సరిపడతారో చెప్పే వ్యాసం వచ్చింది. రాసినాయన్ని ఆధారాలు అడిగారు. ఆయన బజారులో బాగా అమ్ముడుపోయే మూడు పుస్తకాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. మూడూ ఒకే మాట చెప్పాయి. కన్యకూ ధనుస్సుకూ పొసగదు, పెళ్ళయిన కొత్తలోనే మాటలు కరువవుతాయి అని. “మూడు చోట్లా ఒకటే ఉంది కదా, వేసేయండి” అని సుభద్ర గారు ఒప్పుకున్నారు.

మా ఆఫీసులోనే స్వప్న పనిచేసేది. శేరిలింగంపల్లిలో పుట్టి పెరిగిన పిల్ల. పక్క టీములోని నరేష్‌తో సంబంధం దాదాపు ఖాయమైంది. ఇరువైపుల పెద్దలూ జాతకాలు చూపించుకుని సంతోషంగానే ఉన్నారు. ఒక మధ్యాహ్నం టిఫిను డబ్బా మూత మీద ఫోను ఆనించి స్వప్న మా పేజీ చదివింది. తనది కన్య, నరేష్‌ది ధనుస్సు.

“అక్కా, జర ఇది చూడు. మా ఇద్దరికి జన్మల పడదంట! ఏంది గిట్ల రాసిన్రు?”

“ఇగ అయిపాయె నరేష్ పని,” అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. స్వప్న కూడా నవ్వింది. కానీ డబ్బాలో సగం అన్నం అలాగే ఉండిపోయింది. ఆ వారమంతా నరేష్ పిలిస్తే పని ఉందనేది.

స్వప్న తీరు గమనించి, ఆ మూడు పుస్తకాలనూ సుభద్ర గారు నాకిచ్చి మొదటి నుంచీ చదవమన్నారు. కన్యారాశి అధ్యాయంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. మంచు కురిసే నెలల్లో వీధి మెట్ల మీద గడ్డకట్టిన మంచుపై జారి పడకుండా చూసుకోవాలట. శేరిలింగంపల్లిలో పుట్టినవాళ్ళకు గడ్డకట్టే మంచు ఎక్కడిది? రెండో పుస్తకం తీశాను, అదే మంచు, అవే మెట్లు. మూడో దానిలోనూ అంతే. ఏదో చలిదేశపు పుస్తకాన్ని ఒకరు దించుకుంటే, మిగతావాళ్ళు ఆయన దగ్గర దించుకున్నారు. సుభద్ర గారికి చూపించాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. “ముగ్గురు సాక్షులనుకున్నానమ్మా. ఒక్కడే మూడు చొక్కాలు మార్చుకుని వచ్చాడు” అన్నారు.

వెంటనే పేజీ తీసేయించారు. స్వప్ననూ నరేష్‌నూ పిలిచారు. రాశుల పేర్లు దాచి ఆ గుణాలన్నీ నన్ను చదవమన్నారు. ఒకచోట స్వప్న, “ఆగక్కా, ఇది పక్కా నేనే,” అంది. అది మిథునం. ఆమెది కన్య. అందరం నవ్వాం. మంచు సంగతి విని నరేష్, “నిన్ను మంచుల నడిపియ్యను గానీ, ఇగ పెండ్లికి ఒప్పుకో,” అన్నాడు.

స్వప్న నవ్వి, తరువాత తల వంచుకుంది. “అంత ఉత్తదే అని సమజైంది మేడం. కానీ ఈయన జర గట్టిగ మాట్లాడినా, మాట్లాడక ఊకున్నా, ఆ లైనే యాదికొస్తుంది. రేపు పెండ్లైనంక గూడ గట్లనే సూస్త కదా ఈయన్ని?”

స్వప్న వద్దనడంతో ఆ సంబంధం అలా చేయి జారిపోయింది. తరువాత నరేష్ పెళ్ళికి స్వప్న మాతో పాటే వచ్చింది. ఫొటో కూడా దిగింది.

“రుజువు వెనకాల వస్తుందమ్మా. భయం ముందే వెళ్ళి ఇల్లు కట్టుకుంటుంది” అని ఆ పెళ్ళి రోజు బండి దాకా నడుస్తూ సుభద్ర గారు అన్నారు. ఉద్యోగం మాని విజయవాడ వెళ్ళాక కూడా ఫోను చేసినప్పుడల్లా నా ఆరోగ్యం కన్నా ముందు, “ఆ అమ్మాయి ఎలా ఉందమ్మా?” అని అడిగేవారు. “బాగుందండీ” అనేదాన్ని. స్వప్న మంచి ఉద్యోగంలో ఉంది, బాచుపల్లిలో సొంత ఫ్లాటు తీసుకుంది. బాగానే ఉంది. కానీ ఆవిడ అడిగింది దాని గురించి కాదని ఇద్దరికీ తెలుసు. కిందటి కార్తీకంలో ఆవిడ పోయారు. ఇప్పుడు నేను గుడిలో దీపం పెట్టేటప్పుడు ఆవిడ పేరుతో పాటు స్వప్న పేరు కూడా తలుచుకుంటాను.

కొత్తమ్మాయి ఇంకా నిలబడే ఉంది. “మంచి పుస్తకాల్లోంచే తీశాను మేడం, అన్నింట్లో ఒకటే ఉంది,” అంది. కుర్చీ జరిపి కూర్చోమన్నాను. “కాఫీ నాకూ కాస్త పొయ్యమ్మా. ఆ పుస్తకాలన్నీ తీసుకురా, ఇద్దరం చదువుదాం. అప్పటిదాకా ఇది ఎవరి కంటా పడకూడదు,” అన్నాను.