పొట్ట కొవ్వుతో కప్పిన తప్పు

కృతజ్ఞత ఇంత బరువుంటుందని నాకెవరూ చెప్పలేదు. ఏళ్ల తరబడి మోశాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. జాలిపడమని మాత్రం కాదు.

నేను కాన్పుల డాక్టర్ని, అనకాపల్లిలో నాది చిన్న నర్సింగ్ హోమ్. సెల్‌ఫోన్లు పల్లెలకు కొత్తగా చేరిన రోజుల్లో కోటవురట్ల వైపు నుంచి నూకరత్నం వచ్చింది. చెరకు రైతు భార్య. మూడో నెలలో గర్భం పోయింది, రక్తం ఆగడం లేదు. గర్భసంచి శుభ్రం చేయాలి. పక్క గదిలో ఇంకొకామె కాన్పు నొప్పులు పడుతోంది, నాకు తొందర. గీకాను, అవసరమైనదానికంటే లోతుగా. ఆ సంగతి చేతికి తెలిసింది. తెలిసీ ఎందుకు ఆగలేదు?

తర్వాత ఆమెకు నెలసరి రాలేదు. కెమెరా గొట్టంతో చూస్తే నేను గీకిన చోట లోపలి గోడలు అతుక్కుపోయి ఉన్నాయి, ఇక కడుపు నిలవదు. "నీ ఒంటి తత్వం అంతేనమ్మా" అన్నాను.

కొన్నేళ్లకు విశాఖలో నా డాక్టరు స్నేహితుడొకడు పొట్ట కొవ్వు తీసి, అందులోని మూలకణాలను గర్భసంచిలోకి ఎక్కిస్తే లోపలి పొర మళ్లీ పెరుగుతుందేమోనని చూస్తున్నాడు. ఆ 'ఏమో' నేను ఆమెకు చెప్పలేదు. కొత్త వైద్యం, ఉచితంగా చేయిస్తానన్నాను. పొర పెరిగితే నా తప్పు మాసిపోతుంది, నా ఆలోచనంతా అదే. అదంతా దయ అనుకుని ఆమె నా కాళ్లకు దండం పెట్టింది. కొవ్వు తీసిన పొట్ట నిండా కమిలిన మచ్చలతో, వంగలేక వంగుతూ చెరకు తోటలో పనికి దిగింది. పొర పెరగలేదు. అయినా బెల్లం వండిన ప్రతిసారీ ఒక దిమ్మ తెచ్చి నా బల్ల మీద పెట్టేది. నేను తినేదాన్ని కూడా.

తోటి డాక్టరొకామెకు చెబితే, "ఎవరి చేతిలోనైనా జరిగేదే, తవ్వకు" అంది. జరిగేదే. చేయి జారడం నేరం కాదని నేనూ అంటాను, ఎవరి ముందైనా అంటాను. కానీ జారిన నా చేతి తప్పును ఆమె ఒంటికి అంటగట్టడం? దానికి వైద్య పుస్తకాల్లో పేరు లేదు. పేరు లేకపోతే తప్పు లేనట్టేనా?

మొన్న ఆమె వచ్చినప్పుడు తలుపు వేసి అంతా చెప్పేశాను.

"ఊరంతా నన్ను గొడ్రాలంటే నిజమేననుకున్నాను గదమ్మా. ఇంకోదాన్ని సేసుకోమని మా ఆయనతో నానే సెప్పేను."

"నీలో ఏ లోపమూ లేదు రత్నం. తప్పు నాది."

"అప్పుడే సెప్తే మీకేటి పోయేది?"

తలుపు తీసుకుని వెళ్లిపోయింది.

క్షమించమని నేను అడగలేదు. అడగను. ఆమె కేసు పెడితే కోర్టులోనూ ఇదే చెబుతాను. నర్సింగ్ హోమ్ మూతపడితే పడనీ. ఊళ్లో పదిమంది ముందు చెప్పమన్నా వెళ్లి, తల వంచకుండా చెబుతాను: నూకరత్నం గొడ్రాలు కాదు. ఆ కడుపును మూసింది నేను.