మద్రాసును నేను కాదనలేదు

పోయిన ఆదివారం మా తమ్ముడి కోడలు ఒక చిన్న పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. మా వంశం గురించి పిల్లలంతా కలిసి వివరాలు పోగుచేసి ముచ్చటగా అచ్చు వేయించారట, నా మీద కూడా అరపేజీ రాశారట. కళ్ళజోడు తుడుచుకుని చదివాను. పెద్దనాయన సలహాను తలదాల్చి, మద్రాసు చదువును కాదనుకుని, సొంత ఊరి విశ్వవిద్యాలయాన్నే ఎంచుకున్న విదుషీమణి అని ఉంది. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పిల్ల పాపం మెచ్చుకుంటానేమోనని ఎదురుగా కూర్చుని ఉంటే, నేను పుస్తకాన్ని బల్ల మీద పడేసి, కాదనుకున్నానని మీకెవరు చెప్పారని అరిచాను. ఇంత వయసులో ఇంత కోపం ఎక్కడ దాచుకున్నారత్తయ్యా అని ఆమె నోరు తెరిచింది. దాచుకోలేదు, అది ఎన్నడూ ఎక్కడికీ పోలేదు.

రెండో ప్రపంచయుద్ధం ఇంకా మొదలుకాని రోజులవి. నాంపల్లి స్టేషను వెనక సందులో ఒక కిరాయి ఇంట్లో మా నాయన, పెద్దనాయన కలిసే కాపురముండేవాళ్ళు. నాయన మగపిల్లల బడిలో లెక్కలు చెప్పేవాడు. నాకూ ఆయన పిచ్చే అంటుకుని, ఆబిడ్స్‌లో క్రైస్తవ అమ్మగార్లు నడిపే బడిలో ఇంగ్లీషులో చదువుకుంటూ, అన్నం దగ్గర కూడా లెక్కలు కట్టుకునేదాన్ని. ఇంటరు కూడా ఇంగ్లీషులోనే గట్టెక్కాక ఒకటి కాదు, రెండు చోట్ల నుంచి సీటు ఇస్తామని ఉత్తరాలు వచ్చాయి. ఒకటి మా ఊరిదే, పై చదువులన్నీ ఉర్దూలో చెప్పి, మన భాషల్లో చదువు సాగదన్న దొరల నోరు మూయించిందని ఊరంతా చెప్పుకునే విశ్వవిద్యాలయం. రెండోది మద్రాసుది, మా లెక్కల టీచరమ్మ చదివిన చోటు, ఆ పేరు చెప్పేటప్పుడు ఆవిడ గొంతే మారిపోయేది. రెండూ గొప్పవే. నాకు మాత్రం మద్రాసు కావాలి, లెక్కల్లో ఆనర్సు కావాలి, అంతకన్నా ముఖ్యంగా, నా బతుకులో ఒక్క సంగతి నేను తేల్చుకున్నది కావాలి.

నాయన అడ్డు చెప్పలేదు. నీ ఇష్టం బిడ్డా, నువ్వేది చెప్తె గదే అన్నాడు. అనడమే కాదు, నన్ను వెంటబెట్టుకుని ఆబిడ్స్ దాకా నడిచి, నాలుగు దుకాణాలు తిరిగి, నా బట్టలకు పుస్తకాలకు సరిపోయే నల్లటి ట్రంకు పెట్టె కొనిపెట్టాడు. కూలివాడు దాన్ని నెత్తిన పెట్టుకుని ముందు నడుస్తుంటే, నేను వెనకాల మహారాణిలాగా నడిచాను. పెద్దనాయన మాత్రం పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, "గంత దూరమెందుకే? గీడ లేని చదువు గాడేముంది?" అని గొణిగి, కాసేపటికి తనే చల్లబడి, "సరే తీ, కాగితాల పని నాకిడువు. ఫికర్ చెయ్యకు" అన్నాడు.

ఆయనకు విడవడంలో వింతేమీ లేదు. మా ఇంట్లో చావు కబురైనా పెళ్ళి కబురైనా ఆయన చేతి మీదుగానే పోయేది. పైగా మద్రాసుకు ఉత్తరమంటే మా నిజాం సర్కారు తపాలా బిళ్ళ పనికిరాదు, ఇంగ్లీషు వాళ్ళ తపాలాఫీసు వెతుక్కుంటూ పోవాలి, ఆడపిల్లను పంపరు. సీటు నాకు కావాలని నేను రాసిన జవాబు జూన్ ఇరవై అయిదులోగా మద్రాసు చేరాలి. లేదంటే ఆ సీటు ఇంకొకరిది. మద్రాసు వాళ్ళ ఉత్తరం, నా జవాబు, రెండూ పెద్దనాయనకు ఇచ్చి, నేను లంగాలు మడతపెట్టుకుంటూ కూర్చున్నాను.

ఇక్కడ నా ఈడువాళ్ళకు ఒక సంగతి గుర్తుచేయాలి, తర్వాతి వాళ్ళకైతే చెప్పాలి. హైదరాబాదులో మాకు జనవరి, ఫిబ్రవరి అంటే గోడకు తగిలించే బొమ్మల కాగితమే. సర్కారు కచేరీలు, జీతాలు, బడి సెలవులు అన్నీ నిజాం వారి ఫసలీ పంచాంగం లెక్కన నడిచేవి. ఆజూరు, దై, బహమన్ అంటూ వచ్చే ఆ నెలల్లో జూన్‌కు దగ్గరగా పడేది అమర్దాద్. దగ్గరగానే గానీ ఒకటి కాదు, మా తారీఖు వాళ్ళ తారీఖుకు ఐదు రోజులు వెనక నడిచేది. ఈ ఐదు రోజుల్లో కాలు జారి, బెజవాడ పెళ్ళికి వెళ్ళి పెళ్ళివారు తిరిగిపోయాక దిగిన చుట్టాలు మాకు ఎంతమందో ఉండేవాళ్ళు. వాళ్ళ మీద ఏడాది పొడుగునా జోకులు నడిచేవి.

జూలై మొదట్లో మద్రాసు నుంచి జవాబు వచ్చింది. మీ ఉత్తరం ఇరవై అయిదు దాటాక చేరింది, సీటు మరొకరికి ఇచ్చేశాం, విచారిస్తున్నాం అని నాలుగు వరసలు. పెద్దనాయన తల పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. "తారీఖు పొరపడ్డ బిడ్డా. జూన్ ఇరవై అయిదును అమర్దాద్ ఇరవై అయిదనుకున్న. నా ఖర్మ" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆయన ఏడుస్తుంటే చూడలేక, నేనే మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, పోనీలే పెద్దనాయనా అని ఓదార్చాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది, ఓదార్చాను!

మా ఊరి చదువులోనే చేరాను. పరదా కట్టిన బస్సు సందు మొగలో ఆగేది, ఎక్కి వెళ్ళేదాన్ని. త్రిభుజాన్ని ముసల్లస్ అనడం నాలుగు నెలల్లో అలవాటైంది. అబద్ధమెందుకు, ఆ చదువు బాగుండేది. మా లెక్కల ఉస్తాదు ఉర్దూలో ఒక సిద్ధాంతం నిరూపిస్తుంటే షాయరీ విన్నట్టుండేది. ఆ చదువు మీద నాకు అప్పుడూ కోపం లేదు, ఇప్పుడూ లేదు.

బక్రీదు సెలవులు అయిపోయాక అనుకుంటాను, కాలేజీ వాళ్ళు ఇంటరు సర్టిఫికెట్టు మళ్ళీ చూపించమన్నారు. పెద్దనాయన కచేరీకి వెళ్ళి ఉన్నాడు. ఆయన కాగితాలన్నీ ఎర్రగుడ్డలో మూటకట్టి పెట్టేవాడు, అది విప్పి వెతుకుతుంటే మద్రాసు వాళ్ళ మొదటి ఉత్తరం బయటపడింది. జూన్ ఇరవై అయిదు అన్న చోట, అంచున, ఎర్ర సిరాతో, పెద్దనాయన గుండ్రటి ఉర్దూ చేతిరాతలో, అమర్దాద్ ఇరవై అని రాసి ఉంది.

ఆయన కచేరీలో చేసే పనే అది. ఇంగ్లీషు వాళ్ళ ఇలాకా నుంచి వచ్చే ప్రతి కాగితం ముందు ఆయన బల్ల మీదికి రావాలి, ప్రతి తారీఖు పక్కన ఫసలీ తారీఖు ఎర్రసిరాతో వేయాలి, అప్పుడే అది పైకి కదులుతుంది. ఇరవై ఏళ్ళు అదే పని. ఇంటికి వచ్చిన శుభలేఖ మీద కూడా చెయ్యి ఊరుకోక వేసేసేవాడు. మద్రాసు ఉత్తరం మీదా వేశాడు, సరిగ్గానే వేశాడు. వేసి, నా జవాబును ఐదు రోజులు మూటలోనే ఉంచి, ఆ తర్వాత తపాలాలో వేసి, నా ముందు ఏడ్చాడు.

ఆ కాగితం తీసుకుపోయి నాయనకు చూపించాను. ఇల్లు ఎగిరిపోతుందనుకున్నాను. నాయన చదివాడు, తిప్పి చూశాడు, మడిచాడు. "అన్న ఏం చేసినా మన మంచికే చేసిండు. ఊకో బిడ్డా, నలుగురు వింటరు" అన్నాడు. నలుగురు వింటారని! సాయంత్రం పెద్దనాయన వచ్చేసరికి ఆ ఉత్తరాన్ని ఎర్రసిరా పైకి కనబడేలా ఆయన బల్ల మీద పరిచి, పక్కనే నిలబడ్డాను. ఆయన చూశాడు. నా మొహంలోకి చూడకుండా దాన్ని మూటలో పెట్టి, ముడి వేసి, చాయ్ తెమ్మన్నాడు. నేను తేలేదు. ఆ రోజు మొదలు ఆయన పోయేదాకా నా కాగితం ఒక్కటి కూడా ఆయన చేతికి ఇవ్వలేదు.

తర్వాత పంతులమ్మనై, ఎందరో ఆడపిల్లలకు లెక్కలు చెప్పాను. ఇప్పుడు ఏం తక్కువైంది, అంతా మంచికే కదా అని ఎవరైనా అంటే, వాళ్ళతో రెండు రోజులు మాట్లాడను. మంచి జరిగితే దొంగతనం దొంగతనం కాకుండా పోతుందా? ఎన్నో ఏళ్ళకు, ఉద్యోగం మానేసి మంచం పట్టిన నాయన కాళ్ళు నొక్కుతూ ఒక మధ్యాహ్నం అడిగేశాను, అన్నను ఒక్క మాటైనా అనకపోతివి, మరి నాకు ఎందుకు చెప్పావు నీ ఇష్టమని. నాయన కాళ్ళు దగ్గరికి తీసుకున్నాడు. "నీ ఇష్టమంటె, నువ్వు గీడనే ఉంటనంటవనుకున్న బిడ్డా. పోతనంటవనుకోలె. నా మనసుల మాట మీ పెద్దనాయనకు తెలిసిపోయింది."

ఈ కాలంలో పిల్లలు ఏ చదువుకు ఎక్కడికి వెళ్ళాలో పది మంది కూర్చుని కేకలేసుకుంటారు. నువ్వు పోతే నాకు తోచదే అని తల్లి ముఖం మీదే ఏడుస్తుంది, తోచకపోతే నేనేం చేయను అని పిల్ల ముఖం మీదే అంటుంది. మర్యాద లేదని నా ఈడువాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. నాకు మాత్రం ఆ కేకలు వింటుంటే కళ్ళు కుడతాయి. ఆ ఎండాకాలంలో మా ఇంటి పెద్దమనుషుల్లో ఒక్కడు, ఎవడైనా సరే, నిన్ను విడిచి ఉండలేం, పోవద్దు బిడ్డా అని నోరు తెరిచి ఉంటే, నేను ఆ రాత్రే పెట్టెలోంచి బట్టలు తీసేసి ఉండేదాన్ని.