ఉప్పలయ్య పాస్‌పోర్టు, యాకమ్మ నంబరు

2018లో మహబూబాబాద్ స్టేషన్ రోడ్డులో నా ఆన్‌లైన్ సెంటర్ మంచి ఊపు మీద ఉండేది. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను, గుమ్మం బయట ఎప్పుడూ నలుగురు మనుషులు. ఇవాళ అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, అప్లికేషన్లు ఎవరివి వాళ్లే పెట్టుకుంటున్నారు. నాకు జిరాక్సులే మిగిలాయి. ఆ సందడి గుర్తొస్తే ఇప్పటికీ ప్రాణం లాగుతుంది.

పాస్‌పోర్టు పనుల్లో నాకు కాస్త పేరుండేది. జనగామ నుంచి కూడా వచ్చేవాళ్లంటే మీరు నమ్మరు. గడువు తీరిన పాస్‌పోర్టు పట్టుకొని బెదిరిపోయి వచ్చినవాళ్లకు ధైర్యం చెప్పడం నాకు మహా సరదా. డేటు అయిపోయినంత మాత్రాన అది చెత్తకాగితం కాదు. 'రీ-ఇష్యూ' కింద అప్లై చేసి, స్లాట్ తీసుకొని, అంటే వాళ్లిచ్చిన రోజూ టైమూ చూసుకొని ఆఫీసుకు వెళ్లి పాతది చూపిస్తే కొత్తది వస్తుంది. పాతదాని మీద క్యాన్సిల్ ముద్ర కొట్టి తిరిగి ఇచ్చేస్తారు. దాన్ని పారేయొద్దని, అందులో గడువున్న వీసా ఉంటే పనికొస్తుందని కూడా చెప్పేవాణ్ని. ఇదంతా విన్నాక మొహం వాడిపోయిన మనిషి నాకు ఒక్కరే తగిలారు.

ఆమె పేరు యాకమ్మ. కొత్తగూడ దిక్కు ఊరు, ముప్పై ఏళ్లుంటాయేమో. భర్త పాస్‌పోర్టు కొంగులోంచి తీసి బల్ల మీద పెట్టింది.

"తమ్మీ, గిది డేటయిపోయింది. ఇగ పనికిరాదు గదా?"

"ఎందుకు పనికిరాదక్కా? జర ఓపిక పడితే కొత్తది చేతికొస్తది. పరేషాన్ కాకు."

ఆమె కుర్చీలో కూలబడింది. సంగతి మెల్లగా బయటికొచ్చింది. భర్త ఉప్పలయ్య దుబాయిలో మేస్త్రీ పని చేసి వచ్చాడు. మళ్లీ పోతానంటున్నాడు. ఎక్కడ పోతాడోనని ఈమె పాస్‌పోర్టును వడ్ల గుమ్మిలో దాచి, కనబడటం లేదని చెప్పి, డేటు దాటేదాకా ఆగింది. మందుబిళ్లలాగా పాస్‌పోర్టు కూడా డేటు దాటితే చచ్చిపోతుందనుకుంది పాపం.

"ఇయ్యాల దొరికిందని చెప్పి ఇస్త. ఆయన నీ దగ్గర్కే వస్తడు. గిది ఇగ నడువదని చెప్పు తమ్మీ, నీ కాళ్లు మొక్కుత."

అబద్ధం చెప్పలేను, ఆ మొహం చూస్తే కాదనీ అనలేను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. "నువ్వు కూడా ఆయనతోని రా అక్కా. ఇది మీ పెండ్లికి ముందుది, ఇప్పుడు నీ పేరు ఎక్కించాలె" అని మాత్రం అన్నాను.

వారం తిరిగేసరికి ఇద్దరూ వచ్చారు. ఉప్పలయ్య నెమ్మదైన మనిషి. ఆమె తల ఎత్తలేదు. నేను అడుగుతూ ఒక్కో గడి నింపుతున్నాను. చివర్లో 'ఎమర్జెన్సీ కాంటాక్ట్' అని ఒకటుంటుంది. ఆపదొస్తే కబురు ఎవరికి చెయ్యాలో వాళ్ల పేరు, నంబరు.

"మా అన్నది రాయి తమ్మీ" అన్నాడు ఉప్పలయ్య.

"నాది రాయి" అంది యాకమ్మ.

"నీదెందుకు? నువ్వు బుగులు పడ్తవ్."

"పోయినసారి గూడ గట్లనే అన్నవ్. గోడ మీదికెళ్లి పడి దవాఖానల ఉంటే మీ అన్నకెర్క, మీ వదినెకెర్క, ఊరందరికెర్క. నాకే తెల్వదు. నేను బతుకమ్మ ఆడుకుంట తిరిగిన. నీ మొగని కాలెట్లుందని బోరింగ్ కాడ ఎవరో అడిగితె తెలిసింది."

ఉప్పలయ్య కుర్చీ ఆమె వైపు జరుపుకున్నాడు.

"అయితె పోవద్దంటవా?" అన్నాడు.

"పోతె పో. పిల్లల సదువులున్నయి, నాకు తెల్వదా? నీకేమన్నయితె ముందుగాల నాకు తెల్వాలె. గంతే."

అతను నా వైపు తిరిగాడు. "ఆమెదే రాయి తమ్మీ." నంబరు ఆమే చెప్పింది. నేను కొట్టాక మళ్లీ చదివి వినిపించమంది.

కొత్త పాస్‌పోర్టు వచ్చింది, ఉప్పలయ్య పోయాడు. ఆ తర్వాత గడువు తీరిన పాస్‌పోర్టు ఎవరు తెచ్చినా, ఇంట్లోవాళ్లను కూడా తోలుకొని రమ్మనేవాణ్ని. నీకెందుకయ్యా అని విసుక్కున్నవాళ్లూ ఉన్నారు. కాగితాన్ని బతికించడం నాకు చేతనయింది గానీ, అది బతికితే ఇంట్లో ఎవరికి నిద్ర పట్టదో అడగాలని యాకమ్మ వచ్చేదాకా తోచలేదు.

మరుసటి ఏడు ఆమె జిరాక్సుకని వచ్చింది. బావ బాగున్నాడా అని అడిగాను.

"కడుపునొప్పి లేస్తె ఆపరేషన్ చేసిన్రు తమ్మీ. ఇప్పుడు నిమ్మళమే." కళ్లలో నీళ్లు తిరుగుతున్నా తుడుచుకోలేదు. "కంపెనీల గూడ నా నంబరే ఇచ్చిండట. ఫోను ముందుగాల నాకే వచ్చింది. వాళ్ల అన్నకు నేనే చెప్పిన."