ఉల్లిపొర రంగు చీర, పక్కన ఉల్లిగడ్డ

"మార్చాను సార్, ఒకసారి చూడండి" అని నేను క్లయింట్లకు చెప్పే మాట సగం సార్లు అబద్ధం.

వెబ్‌సైట్లు చేయడం నా పని. వనపర్తిలో ఇంజనీరింగ్ మూడో ఏడు మధ్యలో వదిలేసి, మా మిద్దె మీది గదిలో ఒక ల్యాప్‌టాప్ పెట్టుకుని మొదలుపెట్టాను. నాలుగేళ్లలో కోడింగ్ కన్నా క్లయింట్ల గురించే ఎక్కువ నేర్చుకున్నాను. కోచింగ్ సెంటర్ నడిపే వెంకట్రాములు సార్‌కు పేజీ పైన ఉన్న నీలం రంగు "జర హుందాగ" ఉండాలి. ఎంత హుందాగానో ఆయనకే తెలియదు. మూడుసార్లు నిజంగా మారుస్తాను. నాలుగోసారి ఏమీ ముట్టుకోను. కిందికి పోయి టీ తాగి వచ్చి, మార్చాను చూడండి అంటాను. "ఆఁ, ఇప్పుడొచ్చింది సూడు. గీ పని మొదలే చెయ్యొచ్చు గద" అంటాడు. తెలకపల్లిలో విత్తనాల దుకాణం పెట్టిన ఆయనా అంతే. పళ్ల డాక్టరూ అంతే. ఒక్కరూ పట్టుకోలేదు. అందుకే మనుషుల కళ్ల మీద నాకు పెద్ద గౌరవం ఉండేది కాదు.

గద్వాల సత్తెమ్మత్త పట్టుకుంది.

ఆధార్ కార్డులో ఆమె పేరు సత్యమ్మ. అత్త అన్నది నేను కలుపుకున్న వరస. యాభై రెండేళ్లు. భర్త మాసయ్యతో కలిసి చీరలు నేస్తుంది. గద్వాల చీర ఒక్కరి వల్ల అయ్యేది కాదు. ఒళ్లంతా నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసేచోట పోగుకు పోగు మెలేస్తూ పోవాలి కాబట్టి ఇద్దరు కూర్చోవాలి. ముప్పై మూడేళ్లుగా మగ్గం కింది ఒకే గుంటలో కాళ్లు పెట్టుకుని పక్కపక్కన కూర్చున్న మొగుడూపెళ్లాలు వాళ్లు. నేసిన చీర సేటు దుకాణానికి పోతుంది. అక్కడి నుంచి ఎటు పోతుందో వాళ్లకు తెలియదు.

ఒకరోజు ఆత్మకూరు బస్సులో ముందు సీటు ఆవిడ కట్టుకున్న చీర తనదేనని సత్తెమ్మత్త గుర్తుపట్టింది. అంచులో ప్రతి కొమ్మ చివరా తను వేసే చిన్న మలుపు అందులో ఉంది. ఎక్కడ కొన్నవమ్మా అని అడిగితే ఆవిడ హైదరాబాదులో ఏదో దుకాణం పేరు చెప్పింది. ఎవరు నేసిండ్రో అంటే, "ఎవరు నేస్తారండీ, మిషన్ మీదే కదా" అందట. ఆ మాట మనసులో పెట్టుకుని, ఎవరి దగ్గరో నా నంబర్ సంపాదించి ఫోన్ చేసింది.

"చీర నాది, పేరు ఇంకోలది. నా పేరు మీద ఒక్క చీరన్న పోవాలె బిడ్డా. నీ కంప్యూటర్ల అయితదా?"

అవుతుందని చెప్పాను. మాసయ్య మామ మాత్రం షరతు పెట్టాడు. మగ్గానికి నిలువునా ఎక్కించే పోగులను పడుగు అంటారు. ఒక్కసారి ఎక్కిస్తే మూడు చీరలొస్తాయి. "ఈ పడుగు నీది. ఇది తీరేలోపు నీ పేరు మీద ఒక్క చీర అమ్ముడుపోయి నిలబడాలె. లేదంటే మల్ల పడుగు సేటుకే. ఇగ ఆ కంప్యూటర్ ముచ్చట నా ముందర తియ్యొద్దు" అన్నాడు.

మూడు చీరలూ ఉల్లిపొర రంగే. మొదటిదాన్ని నేనే నా ఫోన్‌తో ఫొటో తీసి సైట్‌లో పెట్టాను. పుణెలో చీరల దుకాణం నడిపే ఒకావిడ తెప్పించుకుంది. వారంలో తిప్పి పంపింది. ఫొటోలో ఒక రంగు, చేతికొచ్చింది ఇంకో రంగు అని. నేత చాలా బాగుంది, రంగు సరిగ్గా చూపించగలిగితే మళ్లీ తీసుకుంటాను అని మర్యాదగానే రాసింది. అప్పటికి రెండో చీర మడతపెట్టి ఉంది. మూడోది మగ్గం మీద సగానికొచ్చింది.

నేను రంగు సరిచేయడం మొదలుపెట్టాను. మార్చి సత్తెమ్మత్తకు పంపిస్తే, "ఎర్ర ఎక్కువైంది" అంటుంది. తగ్గిస్తే, "ఇప్పుడు సచ్చిపోయింది." ఇంకోటి పంపిస్తే, "ఇది ఉల్లిపొర గాదు, వాడిపోయిన గులాబి." ఆరుసార్లయింది. నాకు విసుగొచ్చింది. ఏడోసారి నా పాత మందు వేశాను. ఏమీ ముట్టుకోకుండా, టీ తాగి వచ్చి ఫోన్ చేశాను.

"మార్చిన అత్తా, చూడు."

నిమిషం కూడా పట్టలేదు.

"నువ్వేం మార్చలే."

"మార్చిన అత్తా."

"పిలగా, అబద్ధం నాకు జెప్పు. నా కండ్లకు జెప్పకు."

ఫోన్ పెట్టేసింది. ఏదో గుడ్డిగా అన్నది తగిలిందిలే అనుకున్నాను. మరుసటి పొద్దున్నే ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని, ఆత్మకూరులో బస్సు మారి గద్వాల పోయాను. ఆమెకు అంత కన్ను లేదని రుజువు చేయడానికే పోయాను. ఉన్నమాట.

తెర మీద ప్రతి రంగుకూ మూడు అంకెలుంటాయి. ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని. దారిలో ఉల్లిపొర రంగులో తొమ్మిది గళ్లు తయారుచేశాను. ఒక్కోదాంట్లో ఒక్కో అంకె కొద్దిగా జరిపాను. రెండు గళ్లు మాత్రం అచ్చంగా ఒకటే. నా కంటికి తొమ్మిదీ ఒకే గోడకు వేసిన సున్నంలా ఉన్నాయి.

"దీంట్లో రెండు ఒకటే ఉన్నాయి. ఏవో చెప్పు అత్తా."

మగ్గం దగ్గర్నుంచి లేవకుండానే తల వంచి చూసింది. "ఇది, ఆ మూలది" అంది. సరిగ్గా అవే. నేను నోరు తెరిచేలోపు ఇంకో గడి మీద వేలు పెట్టి, "దీంట్ల పసుపు తక్కువ" అంది. అంకెలు తీసి చూసుకున్నాను. ఆ గడిలో నేను నీలం ఆరు పెంచాను. నీలం పెరిగితే పసుపు తగ్గుతుంది. రెండు వందల యాభై ఆరు మెట్లలో ఆరు మెట్లు.

మాసయ్య మామ పోగు మెలేస్తూనే నవ్వాడు. "పరేషాన్ గాకు అల్లుడా. నా మొకం రంగు జూసి, కల్లు ఎన్ని ముంతలు తాగిన్నో గూడ చెప్తది."

"ఎన్నడన్న తప్పు చెప్పిన్నా?"

"అదే గద నా బాధ."

ఓడిపోయాను కాబట్టి అసలు సంగతి ఒప్పుకున్నాను. నా ఫోన్, ల్యాప్‌టాప్, మామ పగిలిన ఫోన్ మూడూ చాప మీద వరుసగా పెట్టి, మూడింట్లో ఆ చీర ఫొటోనే తెరిచాను. ఒకదాంట్లో ఎర్రగా, ఒకదాంట్లో పచ్చగా, మామదాంట్లో మసిపట్టినట్టు. "నేను ఇక్కడ ఎంత సరిచేసినా పుణెలో ఆమె ఫోన్‌లో ఎట్లా కనిపిస్తదో నాకు తెల్వదు అత్తా. నా చేతుల లేదు."

ఆమె మూడింటినీ చాలాసేపు చూసింది. పని ఆపి చూడడం అదే మొదటిసారి.

"తడి నూలు" అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె చెప్పింది. వాళ్ల నాయనది రంగులు వేసే పని. ఏడేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, రంగు గిన్నెలోంచి తీసిన తడి నూలు కట్ట ఆమె చేతికిచ్చి, ఆరాక ఏ రంగు ఉంటుందో చెప్పమనేవాడట. తప్పు చెబితే అది ఆరేదాకా ఎండలో పట్టుకుని నిలబడాలి. "తడి నూలు అబద్ధం జెప్తది బిడ్డా. లోపలి రంగు మనమే చూడాలె. నీ ఫోన్లు గూడ తడి నూలే."

"మరి గిరాకీలను మీ నాయన ఎట్లా నమ్మించేటోడు?"

"నోటితోని జెప్పిన రంగు ఎవలకు దెలుస్తది? ఒకల వంకాయ ఇంకోలకు నేరేడు. అందుకే గిన్నె పక్కకు ఆ వస్తువే పెట్టేటోడు. వంకాయంటే వంకాయ, చింతగింజంటే చింతగిం..."

ఆగిపోయింది. మామ వైపు తిరిగింది.

"ఓ, ఉల్లిగడ్డలు తే."

"ఇప్పుడు కూర జేస్తవా?"

"తే అంటే తే."

మామ నాలుగు తెచ్చాడు. రెండింటిని చూడగానే పక్కన పెట్టేసింది. మూడోదాన్ని వేళ్ల మధ్య తిప్పి, పైన ఎండిన పొర ఒలిచి, కింది పొర బయటపడ్డాక చీర మడత మీద పెట్టింది. నేను వంగి చూశాను. గడ్డ ఎక్కడ ఆగిందో, బట్ట ఎక్కడ మొదలైందో కాసేపు తెలియలేదు. ఆ చీరకు ఉల్లిపొర అని పేరు ఊరికే పెట్టలేదు. ఉల్లిపొరను చూసి, చూసి, నూలులోకి దింపారు.

గుమ్మం దగ్గర నీడలో పెట్టి ఫొటో తీశాను. మళ్లీ మూడు తెరల మీద తెరిచాను. ఇప్పుడూ ఒకటి ఎర్రగా, ఒకటి పచ్చగా, ఒకటి మసిగానే ఉంది. కానీ మూడింట్లోనూ చీరా ఉల్లిగడ్డా ఒకటే రంగు. ఏ తెర ఎంత అబద్ధం చెప్పినా ఉల్లిగడ్డతో కలిపే చెప్పాలి. ఉల్లిగడ్డ లేని ఇల్లు ఈ దేశంలో ఎక్కడుంది? నేను ఆరుసార్లు అంకెలతో కొట్లాడిన దాన్ని, బడికి పోని మనిషి మగ్గం మీద కూర్చుని ఒక్క గడ్డతో తేల్చేసింది.

ఆ ఫొటోనే సైట్‌లో పెట్టి, కింద ఒక్క మాట రాశాను: మీ వంటింట్లోంచి ఒక ఉల్లిగడ్డ తెచ్చుకుని చూడండి. పుణె ఆవిడ రెండో చీర తెప్పించుకుంది.

మూడో చీర ఫొటో కోసం నేను మళ్లీ గద్వాల పోయిన రోజే పుణె ఆవిడ వీడియో కాల్ వచ్చింది. మగ్గం మీద జానెడే మిగిలింది. ఆ జానెడు అయిపోతే పడుగు తీరినట్టే. వీడియోలో ఆవిడ కిటికీ దగ్గర నిలబడింది. భుజం మీద చీర, చేతిలో ఉల్లిగడ్డ.

"ఏక్‌దమ్ వహీ, సత్యమ్మాజీ!" అంది, అచ్చం అదే రంగని.

మూడో చీర కూడా కావాలంది. తర్వాతి పడుగువి మూడూ తన దుకాణానికే కావాలంది. ప్రతి చీరకూ నేసినవాళ్ల పేరు తెలుగులోనే రాసి కడతానంది. సత్తెమ్మత్త "అచ్ఛా జీ, అచ్ఛా జీ" అంటూ తల ఊపింది. ఫోన్ పెట్టాక కొంగుతో మొహం తుడుచుకుంది. ఉక్కగా ఏమీ లేదు.

మామ చాలాసేపు దగ్గాడు. చివరికి, "మల్ల పడుగు ఏం రంగు?" అని అడిగాడు.

"వంకాయ."

"అంటే రేపటి సంది నాకు వంకాయ కూరనే."

నేను ల్యాప్‌టాప్ తిప్పి ఆమెకు చూపించాను. పేజీ మీద, చీర పక్కన, నేత: సత్యమ్మ, మాసయ్య, గద్వాల అని రాసి కింద సన్నని గీత వేశాను. ఆమెకు చదవడం రాదు. చూసింది. మెడ కొంచెం వంచి మళ్లీ చూసింది.

"ఆ గీత ఒక పోగు పక్కకున్నది."

కొలిచి చూశాను. అక్షరాల మొదలుకు, గీత మొదలుకు తేడా ఒక్క చుక్క. తెర మీద చుక్క కన్నా చిన్నది ఏదీ ఉండదు.

అక్కడే కూర్చుని మార్చాను. నిజంగానే మార్చాను. ఆమె చూసి తల ఊపింది. మామను మోచేత్తో పొడిచి, మిగిలిన జానెడు నేయడానికి వంగింది.